లేత ఊదాకు ఎదురు రంగు: ఒక జెండా అద్దకం డైరీ

మొదటి రోజు

మా అక్క బిడ్డ మూడున్నర మీటర్ల తెల్ల నూలు గుడ్డను సంచిలో పెట్టుకుని వచ్చి, "పిన్నీ, నాకొక జెండా అద్దిపెట్టాలి, కొన్నది వద్దు" అని అడగడంతో ఈ పని మొదలైంది. అడిగింది జీనోజెండర్ జెండా. ఇరవై ఏళ్ళుగా రంగు తొట్ల మధ్య తిరుగుతున్న నాకు ఆ మాట కొత్త కాబట్టి, మొదటి రోజంతా గుడ్డ తడపకుండా ప్రశ్నలతోనే గడిచిపోయింది.

నాకు అర్థమైనంత వరకు విషయం ఇది. జీనో అన్నది గ్రీకు మాట, దానికి పరాయి అనీ అతిథి అనీ రెండర్థాలూ ఉన్నాయి. జీనోజెండర్ అన్న పేరు 2014లో టంబ్లర్ అనే ఇంటర్నెట్ వేదిక మీద, ఇంగ్లీషులో రాసుకునే యువతరం మధ్య పుట్టింది. తమ జెండర్‌ను స్త్రీ, పురుష అనే రెండు కొలతలతోనో, ఆ రెండింటి మిశ్రమంతోనో చెప్పుకోలేనివారు, దానిని మొక్కలతో, జంతువులతో, నక్షత్రాలతో, శూన్యంతో, ఒక్కోసారి ఒక శబ్దంతోనో స్పర్శతోనో పోల్చి చెప్పుకుంటారు. అంటే తాము పిల్లినో చుక్కనో అని నమ్ముతున్నారని కాదు, లోపల ఉన్నదానికి దగ్గరగా వచ్చే పోలిక అది అని మాత్రమే. పోలిక లేకుండా మాట్లాడలేని భాషలో పుట్టినదానిని కనుక నాకిందులో పెద్ద వింత కనిపించలేదు.

చిక్కు జెండా దగ్గర వచ్చింది. ఈ పేరు కింద ఎక్కువగా కనిపించే జెండాలో ఏడు పట్టీలున్నాయి: గులాబీ దగ్గర మొదలై, పండిన పీచు పండు రంగు, లేత పసుపు, లేత నీలం మీదుగా ఊదా దాకా వెళ్తాయి. ఏ రంగుకు ఏ అర్థమో చెప్పమంటే మా అక్క బిడ్డ ఒక జవాబు, ఫోనులోని స్నేహితులు మరో రెండు జవాబులు చెప్పారు. అర్థం తేలని రంగును తూచడం నాకు చేతకాదు. "ఇంతకన్నా పాతది, రంగుల లెక్క రాతలో ఉన్నది ఒకటి చూపించు, ముందు దానితో చేయి తిప్పుకుంటాను" అన్నాను. "అయితే తాతగారి జెండా చేద్దాం" అని నవ్వుతూ చూపించింది జెండర్‌క్వీర్ జెండా, అంటే ఆడ, మగ అనే రెండు గీతల్లో ఇమడనివారిది: పైన లేత ఊదా, మధ్యలో తెలుపు, కింద ముదురు చిలకపచ్చ, మూడూ సమానమైన అడ్డపట్టీలు.

పై వాక్యంలో "చూపించింది" అని రాసి ఆగిపోయాను. నేను, నువ్వు అన్నంత వరకు తెలుగు క్రియ ఎవరి జెండర్‌నూ అడగదు, "వచ్చాను", "వచ్చావు" అందరికీ ఒకటే. మూడో మనిషి దగ్గరకు రాగానే "వచ్చాడు", "వచ్చింది" అని తేల్చుకోమంటుంది. "వచ్చారు" అంటే ఆ పేచీ లేదు గానీ, నేను ఎత్తుకుని తిప్పిన బిడ్డను "వారు" అనడానికి నోరు రాదు. కాగితం మీద రాయడానికి నోటితో పని లేదు కాబట్టి, ఇక నుంచి ఈ డైరీలో "వారు" అనే రాస్తాను.

రెండో రోజు

జెండర్‌క్వీర్ అన్న మాట ఈ జెండా కన్నా పాతది. అమెరికాలో రికీ విల్చిన్స్ 1995లోనే ఒక చిన్న పత్రికలో దానిని వాడారు. జెండాకు రూపమిచ్చినవారు మార్లిన్ రాక్సీ. 2010లో మొదలుపెట్టి, కొన్ని రూపాలు మార్చి, 2011 జూన్ నాటికి ఇప్పుడున్న రూపానికి వచ్చారు. రంగుల అర్థాన్ని వారే రాసిపెట్టడం వల్ల ఊహాగానాలకు చోటు లేదు. లేత ఊదా అంటే గులాబీ, నీలం కలిసిన రంగు, అంటే ఆడ, మగ అని లోకం పంచిపెట్టిన రెండు రంగుల కలయిక, ఆ రెండూ తమలో ఉన్నవారికి గుర్తు. తెలుపు, జెండరే లేదనుకునేవారికీ తటస్థంగా ఉన్నవారికీ. పచ్చ ఆ లేత ఊదాకు ఎదురు రంగు, ఆడ, మగ అనే జంటకు బయట ఉండి, ఆ జంటతో ఏ పోలికా పెట్టుకోకుండా తమను తాము నిర్వచించుకునేవారికి. జీనోజెండర్ అన్న మాట పుట్టడానికి మూడేళ్ళ ముందే దానికి కావలసిన చోటును ఈ మూడో పట్టీ సిద్ధం చేసిపెట్టిందని నాకనిపించింది. తాతగారి జెండా అన్న హాస్యంలో నిజం లేకపోలేదు.

"ఎదురు" అన్నది ఇక్కడ మాటవరసకు అన్నది కాదు, లెక్క. తెర మీద ప్రతి రంగుకూ ఎరుపు, పచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కొక్కటి సున్నా నుంచి 255 వరకు. జెండాలోని లేత ఊదా 181, 126, 220. పచ్చ 74, 129, 35. కరెంటు బిల్లు వెనక కూడి చూశాను. 181కి 74 కలిపితే 255, 126కి 129 కలిపితే 255, 220కి 35 కలిపితే 255. ఒక్క అంకె తప్పలేదు. మూడు 255లు అంటే తెర భాషలో స్వచ్ఛమైన తెలుపు. ఊదాకూ పచ్చకూ నడుమ ఉన్న తెల్ల పట్టీ, అంకెల్లో చూస్తే, ఆ రెండింటి మొత్తమే. రూపకర్త ఈ మాట అనలేదు, ఇది బిల్లు వెనక నాకు దొరికినది మాత్రమే.

కంటితోనూ పరీక్షించాము. ఫోను తెర నిండా లేత ఊదా పెట్టి, అరనిమిషం రెప్ప వేయకుండా చూసి, సున్నం గోడ వైపు తిరిగితే పసుపు కలిసిన పచ్చటి నీడ ఒకటి గోడ మీద తేలుతుంది. ఊదాను చూసి అలసిన కన్ను తనంతట తానే దాని ఎదురు రంగును తయారుచేసుకుంటుంది. పైనున్న ఊదా పట్టీ మీద చూపు నిలిపి మెల్లగా తెల్ల పట్టీ మీదకు దింపితే, కింద పచ్చ పట్టీ రాకముందే పచ్చ కనబడుతుంది.

నాలుగో రోజు

కొలతలు. పూర్తయిన జెండా 150 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు ఉండాలి. ఒక్కో పట్టీ 30 సెంటీమీటర్లు. అంచు మడతలకు కలుపుకుని ఒక్కో ముక్క 156కి 34 కత్తిరించాను. గుడ్డ పన్నా బాగానే ఉండడంతో రెండు జతల ముక్కలు వచ్చాయి, రెండో జత ఎందుకైనా మంచిదని. సోడా, సబ్బు వేసి గంటసేపు ఉడకబెట్టి గంజి తీశాను. ఆరిన ముక్క ఒక్కొక్కటీ 64 గ్రాములు తూగింది.

రంగుల విషయంలో కొంత వాదన జరిగింది. నా మనసు మొదట సహజ రంగుల మీదకు పోయింది, ఎందుకంటే పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవారికి పచ్చ ఎలా వస్తుందో నాకు తెలుసు. నిలకడగా ఉండే పచ్చను ఒక్క ఆకు నుంచి తీయలేరు. ముందు పసుపు అద్ది, దాని మీద నీలిమందు వేస్తారు. కానీ తెర మీది అంకెలకు దగ్గరగా లేత ఊదా కావాలంటే లక్కతోనూ నీలిమందుతోనూ నెల రోజులు పడుతుంది, అంత ఓపిక అడిగినవారికి లేదు. చివరకు చల్లనీళ్ళలో పట్టే రియాక్టివ్ రంగులే తీసుకున్నాను. ఉప్పు రంగును నూలు దగ్గరకు తోస్తుంది, సోడా యాష్ దానిని పోగుతో రసాయనికంగా ముడివేస్తుంది, ఆ ముడి పడ్డాక రంగు ఉతుకుకు వదలదు. ఇంట్లో మూడే సీసాలు పెట్టుకున్నాను: గులాబీ, నీలం, పసుపు. ఒక్కొక్క గ్రాము పొడిని వంద మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి తల్లి ద్రావణాలు చేశాను. ముప్పావు గ్రాము రంగును వంటింటి త్రాసు తూచలేదు, సిరంజితో మిల్లీలీటర్లు కొలవడం తేలిక.

అయిదో రోజు

లేత ఊదా, మొదటి ప్రయత్నం. లీటరుంబావు నీళ్ళు, 20 మిల్లీలీటర్ల గులాబీ, 12 మిల్లీలీటర్ల నీలం, 40 గ్రాముల ఉప్పు. గులాబీని, నీలాన్ని చేతులారా ఒకే బకెట్టులో పోస్తూ, రూపకర్త మాటల్లో చెప్పినదే నా ముందు జరుగుతోందని మా అక్క బిడ్డకు చూపించాను. నీళ్ళు నిమిషంలో ఊదాకు తిరిగాయి.

గుడ్డ మాత్రం మాట వినలేదు. సోడా వేశాక ఫోను మోగితే కలపడం ఆపి లోపలికి వెళ్ళాను. పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే మడతలు పడినచోట నీలి చారలు, వాటి చుట్టూ గులాబీ అంచులు. తప్పు నాదే. గులాబీ తొందరపాటు రంగు, నీలం కన్నా ముందే పోగును పట్టేస్తుంది, బకెట్టులో గుడ్డ కదలకుండా ఉంటే రెండూ విడిపోయి ఎవరి దారిన వారు కూర్చుంటారు. దీనికి తోడు వాడింది బోరు నీళ్ళు, ఆ నీటి కాఠిన్యం వల్ల రంగు మసకబారింది. ఆ ముక్క ఇప్పుడు నమూనాల కింద పోయింది. మా అక్క బిడ్డకు మాత్రం అదే నచ్చింది, "ఇలాగే ఉంచొచ్చు కదా, గులాబీ ఒకచోట, నీలం ఒకచోట, మధ్యలో తెలియని రంగు" అన్నారు. జెండాకు అది కుదరదు, చొక్కాకు కుదురుతుంది, దాచుకొమ్మన్నాను.

రెండో ముక్క మంచినీళ్ళలో, మొదటి అరగంట చేయి తీయకుండా కలుపుతూ, సోడాను మూడు విడతలుగా వేస్తూ అద్దాను. సాయంత్రానికి సమంగా వచ్చింది, ఆరాక కొంచెం గులాబీ వైపు మొగ్గింది.

ఆరో రోజు

రంగు ఆరుతున్నంతసేపూ ఊదా గురించి మాట్లాడుకున్నాము. మార్లిన్ రాక్సీ ఈ రంగును ఎంచుకోవడానికి గులాబీ నీలాల కలయిక ఒక్కటే కారణం కాదు, లేత ఊదాకు అమెరికాలో క్వీర్ మనుషులతో, అంటే ప్రేమలోనో జెండర్‌లోనో లోకం గీసిన గీతల్లో ఇమడనివారితో, పాత అనుబంధం ఉందని కూడా వారు రాశారు. ఆ అనుబంధంలో మొదటి అధ్యాయం మంచిది కాదు. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన 10450వ ఉత్తర్వు ఆధారంగా, స్వలింగ ప్రేమికులన్న అనుమానం మీదే వేలమంది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగింపబడ్డారు. ఆ కాలాన్ని ఇప్పుడు లావెండర్ స్కేర్ అంటారు, అంటే ఊదా భయం. స్త్రీవాద ఉద్యమంలో లెస్బియన్ల ఉనికి ఉద్యమానికే ముప్పు అన్న అర్థంలో ఆ ఉద్యమ నాయకురాలు బెట్టీ ఫ్రీడన్ లావెండర్ మెనేస్, అంటే ఊదా ముప్పు, అన్న మాట వాడితే, 1970 మే 1న న్యూయార్కులో జరిగిన స్త్రీవాద సదస్సులో రీటా మే బ్రౌన్ తదితరులు ఆ మాటనే ఊదా చొక్కాల మీద అచ్చువేయించుకుని వేదిక మీదకు నడిచారు. తిట్టును తొడుక్కుని రావడం అంటే ఇదే.

ఇదే వరుసలో ఊదా, తెలుపు, పచ్చ ఉన్న జెండా ఇంకొకటి బ్రిటన్‌లో ఉంది. స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన పాంక్‌హర్స్ట్‌ల సంఘానికి 1908లో ఎమ్మెలిన్ పెథిక్-లారెన్స్ ఎంచిన రంగులవి: ఊదా గౌరవానికి, తెలుపు స్వచ్ఛతకు, పచ్చ ఆశకు. దూరం నుంచి చూస్తే ఒకదానిని మరొకటి అనుకునే వీలుంది. ఆ ఊదా మరింత ముదురు, ఆ పచ్చకు ఎదురు రంగు లెక్క ఏమీ లేదు.

ఎనిమిదో రోజు

పచ్చ. డైరీలో ఎక్కువ పేజీలు తీసుకున్నది ఇదే.

మొదట ఒక ఆట ఆడాము. నా దగ్గర గులాబీ, నీలం, పసుపు సీసాలున్నాయి. ఊదా అద్దాక మొదటి రెండూ బల్ల మీదే ఉన్నాయి. "ఈ రెండింటితోనే పచ్చ తీయి చూద్దాం" అని సిరంజిని మా అక్క బిడ్డ చేతికిచ్చాను. గులాబీ ఎక్కువ, నీలం తక్కువ, నీలం ఎక్కువ, గులాబీ తక్కువ, చిక్కగా, పలచగా, పదకొండు గుడ్డపీలికలు తీగ మీద ఆరాయి. వంకాయ రంగు నుంచి నేరేడు పండు దాకా, శంఖుపువ్వు నుంచి బీట్‌రూట్ దాకా అన్నీ వచ్చాయి. పచ్చ రాలేదు, రాదు కూడా. ఆ రెండు రంగులను ఎంత కలిపినా, ఎంత విడదీసినా పచ్చ వాటి ఇంట్లో లేదు. మూడో సీసా మూత తీసి ఒక్క చుక్క పసుపు వేయగానే నీలం పచ్చబడింది.

"బయటి నుంచి రావాలన్నమాట," అన్నారు. అవును. నాకు ఈ జెండాలో అసలు విషయం ఇక్కడే అందింది. లేత ఊదా ఎంత కొత్తగా కనిపించినా గులాబీ, నీలాలకు బిడ్డే. వాటి నిష్పత్తి మార్చి చెప్పుకోగల జెండర్ అది. పచ్చ దగ్గర ఆ నిష్పత్తి పనికిరాదు, ఇంకొక పదార్థం కావాలి. జీనోజెండర్ వారు ఆడా మగా కలిస్తే ఎంతెంత అని అడిగే ప్రశ్నను పక్కనబెట్టి, చెట్టును, చుక్కను, శూన్యాన్ని తెచ్చుకోవడం ఈ మూడో సీసా మూత తీయడం లాంటిదే.

అప్పుడు తక్కిన జెండాలలో పసుపు ఎక్కడెక్కడ ఉందో వెతికితే లెక్క తేటపడింది. 2013లో ఆస్ట్రేలియాలో మోర్గన్ కార్పెంటర్ రూపొందించిన ఇంటర్‌సెక్స్ జెండాలో పసుపు నేల మీద ఊదా వలయం ఉంటుంది. గులాబీ, నీలం జోలికి పోకుండా ఉండాలనే ఆ రెండు రంగులు ఎంచారు, ఎక్కడా తెగని వలయం దేహపు సంపూర్ణతకు గుర్తు. ఇంటర్‌సెక్స్ అన్నది జెండర్ కాదు, ఆడ, మగ అన్న మామూలు లెక్కకు సరిపడని శరీర లక్షణాల సంగతి, ఆ తేడా గుర్తుంచుకోవాలి. 2014లో కై రోవన్ చేసిన నాన్‌బైనరీ (ఆడ, మగ జంటలో ఇమడనివారి) జెండాలో పై పట్టీయే పసుపు, దాని అర్థం మన పచ్చ పట్టీ అర్థమే: జంటకు బయట, జంటతో పోలిక లేకుండా. తర్వాత తెలుపు, ఊదా, నలుపు వస్తాయి. అదే ఏడాది వచ్చిన ఏజెండర్ (జెండరే లేదనుకునేవారి) జెండాలో నలుపు, బూడిద, తెలుపు పట్టీల నట్టనడుమ ఒక లేత పచ్చ పట్టీ ఉంది, అదీ ఊదాకు ఎదురు అన్న వాదంతోనే. అంటే మార్లిన్ రాక్సీ తీసివేత లెక్కతో పట్టుకున్న చోటికి, ఒకరు పసుపుతో, మరొకరు మళ్ళీ పచ్చతో చేరారు. నా బల్ల మీద పచ్చలోపలే పసుపు ఉంది కాబట్టి అవన్నీ ఒకే సీసా నుంచి పోసినట్టు కనిపించాయి.

తొమ్మిదో రోజు

నిన్న రాసినది అంతా బాగుంది, పచ్చ పట్టీ మాత్రం బాగాలేదు. పసుపు, నీలం కలిపి అద్దిన ముక్క రామచిలుక రెక్కలా మెరిసిపోతోంది. కావలసింది ముదిరిన తమలపాకు రంగు. నీలం పెంచితే సముద్రం వైపు పోతోంది, పసుపు పెంచితే నిమ్మకాయ వైపు. అద్దకం తెలిసినవారెవరికైనా మందు తెలుసు: మెరుపు చంపాలంటే ఎదురు రంగు చుక్క వేయాలి. పచ్చకు ఎదురు ఎరుపు వైపున్నది, నా దగ్గర ఉన్న సీసాల్లో గులాబీ. నూట ముప్పై మిల్లీలీటర్ల పసుపుకు యాభై నీలం, ఆరు గులాబీ. రంగు కుదిరింది.

అంటే, ఏ పోలికా పెట్టుకోని పచ్చలో ఆరు మిల్లీలీటర్ల గులాబీ కూర్చుంది. నిన్నటి పేజీ కొట్టివేయాలా అని కాసేపు ఆలోచించాను. మా అక్క బిడ్డకు చెబితే వారు కొంచెం కూడా కంగారుపడలేదు. "పిన్నీ, నేను పుట్టినప్పుడు ఆసుపత్రిలో కట్టిన చేతిపట్టీ కూడా గులాబీదే, అమ్మ ఇంకా దాచింది," అన్నారు. పేజీని కొట్టివేయలేదు, కింద ఈ మాట కలిపాను.

పదో రోజు

కరెంటు బిల్లు లెక్కను గుడ్డ మీద పరీక్షించాలని బుద్ధి పుట్టింది. గుండ్రటి అట్టముక్క మీద సగం ఊదా పీలిక, సగం పచ్చ పీలిక అంటించి, మధ్యలో రెండు కన్నాలు పెట్టి దారం దూర్చి, చిన్నప్పుడు బొత్తంతో ఆడినట్టు గిర్రున తిప్పాము. ఇది నా కనిపెట్టుడు కాదు, జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1850లలో రంగుల బిళ్ళలను ఇలాగే తిప్పి రంగుల కలయికను కొలిచారు. లెక్క ప్రకారం ఊదా, పచ్చ ఒకదానినొకటి రద్దుచేసుకుని ఏ ఛాయా లేని బూడిద రావాలి. వచ్చింది ఊదా వాసన ఉన్న బూడిద.

నా అద్దకం తప్పేమో అనుకున్నాను, కొంత నిజమే. కానీ తెర మీది అంకెలు వెలుగు పరిమాణానికి నేరుగా కొలతలు కావు, కంటికి తగ్గట్టు వంచిన అంకెలు. 126 అంటే 255లో సగం వెలుగు కాదు, అయిదోవంతు పైచిలుకు మాత్రమే. ఆ వంపును సరిచేసి కూడితే లేత ఊదా బరువు ఎక్కువ, పచ్చ బరువు తక్కువ. కాగితం మీద సరిగ్గా ఎదురైన రంగులు వెలుగులో అంత సరిగ్గా ఎదురు కావు. నాకు దీనివల్ల జెండా మీద గౌరవం తగ్గలేదు. తెర మీద పుట్టిన జెండాకు తెర లెక్కే జన్మస్థలం, గుడ్డ మీదకు రావడం దానికి ప్రవాసం.

గుడ్డ రంగును శాసించడం ఈ జెండాలన్నిటికీ పెద్దదైన ఇంద్రధనుస్సు జెండాకూ తప్పలేదు. 1978లో గిల్బర్ట్ బేకర్, రంగుల అద్దకంలో చేయితిరిగిన లిన్ సెగర్‌బ్లమ్, జేమ్స్ మెక్‌నమారా, సుమారు ముప్పైమంది స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి ఇంద్రధనుస్సు జెండాలను చెత్తడబ్బాలలో రంగు కలిపి చేత్తోనే అద్దారు. అప్పుడు ఎనిమిది పట్టీలు. తర్వాత ఎక్కువ సంఖ్యలో తయారుచేయవలసి వచ్చేసరికి ముదురు గులాబీ గుడ్డ బజారులో దొరకక ఆ పట్టీ పోయింది, తర్వాత ఇంకొకటీ పోయి 1979 నాటికి ఆరు పట్టీలే మిగిలాయి. ఆ గులాబీకి వారిచ్చిన అర్థం కామం. సరుకు లేక అర్థం రాలిపోయిన జెండా అది.

పన్నెండో రోజు

కుట్టు. మూడు ముక్కలను అంచులు లోపలికి మడిచి, రెండు వరుసల కుట్టుతో జోడించాను, ఏ వైపు నుంచి చూసినా పీచు కనబడదు. కర్ర వైపు అంచుకు మందపాటి పట్టీ వేసి రెండు ఇత్తడి రింగులు కొట్టాను. మధ్యాహ్నానికి పూర్తయింది, సాయంత్రానికి పాడైంది. ఊదా ముక్కను వేడినీళ్ళలో చివరి ఉతుకు ఉతకకుండానే కుట్టేశాను. ముడిపడని రంగు పోగుల మధ్య దాక్కుని ఉంది. జెండాను తడిపి ఇస్త్రీ చేస్తుండగా తెల్ల పట్టీ పై అంచు వెంబడి గులాబీ మరక పాకింది. జెండర్ లేదన్నవారి పట్టీ మీదే గులాబీ పడడం చూసి మా అక్క బిడ్డ పగలబడి నవ్వారు, "రోజూ జరిగేదే" అని. నాకు నవ్వు రాలేదు, రెండు గంటలు కూర్చుని కుట్లు విప్పాను.

పదమూడో రోజు

రెండో జతలోని తెల్ల ముక్క అక్కరకు వచ్చింది. ఊదాను, పచ్చను విడివిడిగా సలసల కాగే నీళ్ళలో సబ్బువేసి మూడుసార్లు ఉతికి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి, తడి తెల్లగుడ్డ మీద నొక్కి చూశాను. మరక లేదు. మళ్ళీ కుట్టాను.

దాబా మీద తీగకు వేసి చూస్తే, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఊదా కొంచెం వెలవెలబోయి, పచ్చ నిలబడింది. సాయంత్రం వెలుగు తగ్గుతున్నప్పుడు ఊదా ముందుకు వచ్చి, పచ్చ నల్లబడింది. ఒక్క పూటలో ఏ పట్టీ పెద్దదో రెండుసార్లు మారింది.

పక్కింటావిడ పిట్టగోడ మీదుగా "ఏ పార్టీదమ్మా?" అని అడిగారు. ఏ పార్టీదీ కాదని చెప్పి, ఎలా చెప్పాలో ఆలోచించి, పార్లమెంటు 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం చేసినప్పుడు అందులోని నిర్వచనంలో హిజ్రా, కిన్నర్, అరవాణి, జోగ్తా అన్న మన దేశపు పేర్ల పక్కనే జెండర్‌క్వీర్ అన్న మాటనూ చేర్చిందనీ, ఈ జెండా ఆ మాటదేననీ చెప్పాను. ఆవిడకు హిజ్రా అన్నది అర్థమైంది, జెండర్‌క్వీర్ అన్నది కాలేదు. రెండూ ఒకటి కావనీ, హిజ్రాలది గురువులూ చేలాలనే శిష్యులూ ఆచారాలూ ఉన్న పాత సమాజమనీ, ఇది ఎవరికి వారు తమ గురించి చెప్పుకునే కొత్త మాట అనీ అన్నాను. "మరి ఆ పచ్చ ఎవరిది?" అన్నారు. మూడు పట్టీల్లో ఆవిడ చూపు దాని మీదే ఆగింది.

పద్నాలుగో రోజు

జెండా మడిచి ఇచ్చేశాను. మడిచేటప్పుడు పచ్చ పైకి వచ్చేలా మడవమన్నారు. ఏడు పట్టీల జీనోజెండర్ జెండా సంగతి మళ్ళీ ఎత్తితే, ఈసారి అర్థాలు అడగలేదు. ఒక్కో రంగుకు ఒక్కో అర్థం అంటగట్టమని అడిగితే, ఆ మాట ఏ కొలతల నుంచి తప్పించుకుందో వాటినే మళ్ళీ తెచ్చి పెట్టినట్టవుతుందేమోనని ఇప్పుడనిపిస్తోంది. అంకెలు మాత్రం రాయించుకున్నాను, అవి లేకుండా నాకు పని జరగదు.

ఫ్రిజ్‌లో తల్లి ద్రావణాలు ఇంకా ఉన్నాయి. నీళ్ళలో కలిపిన ఈ రంగులు చలువలో పెట్టినా ఎల్లకాలం సత్తువ నిలుపుకోవు, ఎనిమిదో రోజు కలిపిన పసుపును తొందరగా వాడేయాలి. ఏడింటిలో మధ్య పట్టీ లేత పసుపు కాబట్టి, రేపు పొద్దున్నే దానితోనే మొదలుపెడదామని రమ్మన్నాను. గుడ్డ ఈసారి నేనే కొన్నాను.